వంటింట్లో ఒంటరిగా తిన్న నర్సు

ఈ నెల గోడపత్రికకు, చనిపోయి చాలాకాలమైన ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవితం రాయమని మేడం చెప్పారు. మా క్లాసులో కొందరు కవులను తీసుకున్నారు, కొందరు సంఘసంస్కర్తలను తీసుకున్నారు. నేను ఒక నర్సును తీసుకున్నాను. ఆమె మన దేశం మనిషి కాదు, మన భాష మనిషీ కాదు. అమెరికాలోని బోస్టన్ ఆమె ఊరు. పేరు మేరీ ఎలైజా మహోనీ. ఆ దేశంలో పద్ధతిగా నర్సు చదువు చదివి పట్టా అందుకున్న మొట్టమొదటి నల్లజాతి మహిళ ఆమె. 1845లో పుట్టింది, 1926లో పోయింది.

తెలుగు శాఖ గోడపత్రికలో అమెరికా నర్సు ఎందుకు అని మీరు అడగవచ్చు. మాది మత్తిగిరి. మా ఊరైనా, బాగలూరైనా, కెలమంగలమైనా, ఆడపిల్ల చదువు ముగిసే సమయానికి ఇంట్లో వినిపించే ప్రశ్న ఒకటే, ఏ పనికి పోతావు అని. పొద్దున చీకటితోనే కంపెనీ బస్సులు మా రోడ్డు మీద ఆగి అమ్మాయిలను ఎక్కించుకొని పోతాయి. కొందరు నర్సింగుకు పోతారు. కొందరు బెంగళూరులో ముసలివాళ్లను చూసుకునే హోం నర్సు పనికి పోతారు. పని ఎట్లా సంపాదించాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. పని దొరికినాక అక్కడ మనల్ని ఎక్కడ కూర్చోబెడతారో, ఎక్కడ తినమంటారో మాత్రం ఎవరూ చెప్పరు. మహోనీ జీవితంలో నాకు ముఖ్యంగా కనిపించింది ఆ రెండో సంగతే.

ఆమె తల్లిదండ్రులు అమెరికా దక్షిణాదిలోని నార్త్ కరోలినా రాష్ట్రం నుంచి వచ్చినవాళ్లు. ఒకప్పుడు బానిసలుగా ఉండి స్వేచ్ఛ పొందినవాళ్లు. ఆ కాలంలో దక్షిణాది రాష్ట్రాలలో నల్లవాళ్లను పశువుల్లాగా కొనేవాళ్లు, అమ్మేవాళ్లు. ఉత్తరాన ఉన్న మసాచుసెట్స్ రాష్ట్రంలో బానిసత్వం చాలా ముందే పోయింది. అందుకే వీళ్లు బోస్టన్ చేరినారు. అయితే బానిసత్వం లేని చోట సమానత్వం ఉందని అనుకోకూడదు. బోస్టన్‌లో కూడా నల్లపిల్లలకు వేరే బడులు ఉండేవి. నల్లజాతి తల్లిదండ్రులు ఏళ్ల తరబడి పోరాడితే 1855లో ఆ రాష్ట్రం చట్టం చేసి బడులలో ఆ వేరు తీసేసింది. అప్పటికి మేరీకి పదేళ్లు. నల్లపిల్లలూ తెల్లపిల్లలూ కలిసి చదువుకున్న ఫిలిప్స్ స్కూలులో ఆమె చదువుకుంది. ఆమె జీవితంలో తలుపు తెరుచుకోవడం అదే మొదటిసారి. ఆ తలుపు దానంతట అది తెరుచుకోలేదు, ఆమెకు ముందు ఎవరో తోస్తే తెరుచుకుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

బోస్టన్‌లో 1862లో ఒక ఆసుపత్రి మొదలైంది. పేరు న్యూ ఇంగ్లండ్ ఆడవాళ్ల, పిల్లల ఆసుపత్రి. మేరీ జక్ర్‌జెవ్‌స్కా అనే డాక్టరమ్మ దాన్ని పెట్టింది. అక్కడ వైద్యం చేసేదీ ఆడవాళ్లే, చేయించుకునేదీ ఆడవాళ్లే. ఆడవాళ్లను డాక్టర్లుగా ఒప్పుకోని కాలంలో అది పెద్ద ధైర్యం. మేరీ మహోనీ పడుచువయసులోనే ఆ ఆసుపత్రిలో పనికి చేరింది. చేరింది నర్సుగా కాదు. వంట చేసింది, నేల తుడిచింది, రోగుల బట్టలు ఉతికింది. అవసరం పడినప్పుడు నర్సులకు సాయంగా నిలబడింది. ఇట్లా దాదాపు 15 ఏళ్లు.

ఈ 15 ఏళ్లను జీవితచరిత్రలు ఒక్క వాక్యంలో దాటేస్తాయి. నాకు అక్కడే ఆగాలనిపించింది. పదిహేనేళ్లు అంటే ఒకటో తరగతిలో చేరిన పిల్ల డిగ్రీ ముగించేంత కాలం. అంతకాలం ఆమె చేతిలో బకెట్టు, చీపురు, చాకిరేవు గుడ్డలే ఉన్నాయి. కానీ కళ్లు మాత్రం వార్డు మీదనే ఉండి ఉండాలి. జ్వరం వచ్చిన మనిషికి తడిగుడ్డ ఎట్లా వేస్తారు, బాలింతను ఎట్లా లేపి కూర్చోబెడతారు, పసికందును ఎట్లా పట్టుకుంటారు, ఇవన్నీ చూడకుండా అన్నేళ్లు అక్కడ పనిచేయడం కుదరదు. ఆ వార్డులన్నీ ఆమె తుడిచినవే. వాటిలోకి నర్సుగా అడుగుపెట్టడానికి మాత్రం 33 ఏళ్లు రావలసి వచ్చింది.

అమెరికాలో పద్ధతి ప్రకారం నర్సు చదువు మొదలైన తొలి చోట్లలో ఆ ఆసుపత్రి ఒకటి. 1872లో అక్కడ బడి పెట్టినారు. మరుసటి ఏడు లిండా రిచర్డ్స్ అనే తెల్ల మహిళ అక్కడినుంచే బయటికొచ్చి, అమెరికాలో శిక్షణ పొందిన తొలి నర్సుగా పేరు తెచ్చుకుంది. మహోనీకి 1878 మార్చిలో సీటు వచ్చింది. ఆ బడి నియమం గురించి చరిత్రకారులు ఒక సంగతి రాసినారు. ఏడాదికి ఒక నల్లజాతి అమ్మాయిని, ఒక యూదు అమ్మాయిని మాత్రమే చేర్చుకోవచ్చు. మంచి మనసున్నవాళ్లు పెట్టిన ఆసుపత్రే అది. అయినా వాళ్ల మంచితనం కూడా ఒకరికి మించి చోటు ఇవ్వలేదు. ఆ ఒక్క చోటు కోసం ఎంతమంది ఎదురుచూసి వెనక్కి పోయినారో లెక్క ఎక్కడా లేదు.

చదువు 16 నెలలు. ఆ చదువంటే మనలాగా గంట కొట్టగానే లేచిపోయేది కాదు. తెల్లవారి ఐదున్నరకు మొదలైతే రాత్రి తొమ్మిదిన్నర దాకా. మందుల వార్డు, ఆపరేషన్ వార్డు, కాన్పుల వార్డు, ఒకటి ముగిస్తే ఇంకొకటి. మధ్యలో డాక్టరమ్మల పాఠాలు. ఆ తర్వాత కొన్ని నెలలు ఊర్లో ఇళ్లకు పోయి రోగులను చూసుకోవాలి. ఆ బ్యాచిలో 42 మంది చేరితే చివరిదాకా నిలబడింది నలుగురు. ఆ నలుగురిలో మహోనీ ఒకరు. 1879 ఆగస్టు 1న ఆమె చేతికి పట్టా వచ్చింది. ఆమె పొట్టిగా, సన్నగా ఉండేదట. అంత సన్నని మనిషి పదహారు గంటల పనిలో నిలబడింది, తనకంటే బలమైనవాళ్లు ఎందరో మధ్యలోనే పోయినారు.

కథ ఇక్కడ ఆపితే బాగుంటుంది. పేద పిల్ల, కష్టపడింది, పట్టా తెచ్చుకుంది, అందరూ చప్పట్లు కొట్టినారు అని ముగించవచ్చు. చాలా పుస్తకాలు ఇక్కడే ముగిస్తాయి కూడా. అసలు కథ మొదలయ్యేది పట్టా వచ్చినాకే.

అప్పట్లో ఆసుపత్రులలో నల్లజాతి నర్సులకు ఉద్యోగాలు దొరకడం చాలా కష్టం. అందుకే మహోనీ ఇళ్లకు పోయి చూసుకునే ప్రైవేటు నర్సుగా పేరు నమోదు చేసుకుంది. డబ్బున్న కుటుంబాలలో ఆడవాళ్లు ఇంట్లోనే కనేవాళ్లు, ఇంట్లోనే పథ్యం ఉండేవాళ్లు. బాలింతలను, పుట్టిన పిల్లలను చూసుకోవడంలో ఆమెకు మంచి పేరు వచ్చింది. ఒకసారి పెట్టుకున్న ఇల్లు మళ్లీ ఆమెనే అడిగేది. బోస్టన్ వాళ్లే కాకుండా దూరపు రాష్ట్రాలవాళ్లు కూడా పిలిపించుకున్నారు. ఇట్లా నలభై ఏళ్లకు దగ్గరగా పనిచేసింది.

ఆ ఇళ్లలో ఆమెకు ఎదురైంది ఏమిటంటే, నర్సుగా పిలిచినవాళ్లే పనిమనిషి పనులు చెప్పేవాళ్లు. తల్లికీ బిడ్డకూ సేవ చేయడమే కాకుండా గిన్నెలు కడగాలి, గుడ్డలు ఉతకాలి, ఇల్లు సర్దాలి. అన్నం వేళకు పనివాళ్ల వరుసలో కూర్చోవాలి. తెల్ల నర్సు అదే ఇంటికి వస్తే ఆమె మర్యాద వేరు.

దీనికి కారణం ఒక్క దురుసు మనిషో, ఒక్క చెడ్డ ఇల్లో కాదు. ఆ కాలంలో అమెరికాలో కూలికి పోయే నల్లజాతి ఆడవాళ్లలో చాలామంది పొలాల్లోనో, తెల్లవాళ్ల ఇళ్లలో వంటమనిషిగానో, చాకలిగానో ఉండేవాళ్లు. అందువల్ల తెల్లవాళ్ల ఇంటి గడప దాటి ఒక నల్లామె వచ్చిందంటే, పనికి వచ్చిందని ఎవరూ చెప్పకుండానే అనుకునేవాళ్లు. ఆమె వేసుకున్న తెల్ల టోపీ, నర్సు దుస్తులు, చేతిలోని పట్టా, వీటన్నిటికంటే ముందు వాళ్ల కంటికి చర్మం కనిపించేది. చదువు ఆమెను నర్సును చేసింది. రంగు చూసిన కళ్లు ఆమెను మళ్లీ 1878కి ముందున్న చీపురు దగ్గరికే పంపించాలని చూసినాయి.

మహోనీ దానికి కనిపెట్టిన ఉపాయం చిన్నది. ఆమె పనివాళ్ల వరుసలో కూర్చోలేదు. వంటింట్లో ఒక పక్కన ఒంటరిగా కూర్చుని తినేది. మొదటిసారి చదివినప్పుడు ఇది నాకు బాధ అనిపించింది. రెండోసారి చదివినప్పుడు కొంచెం కోపం కూడా వచ్చింది, పనివాళ్లతో కూర్చుంటే ఏమి తక్కువ అని. ఆమె కూడా పదిహేనేళ్లు అదే పని చేసింది కదా. మళ్లీ ఆలోచించినాను. ఆమె వాళ్లను తక్కువ చేయడానికి దూరంగా కూర్చోలేదని నాకు అనిపిస్తుంది. తనకు ఆ ఇంట్లో ఇచ్చిన చోటును ఒప్పుకోకపోవడానికి వేరే దారి లేదు. ఇంటివాళ్ల బల్ల దగ్గర చోటు లేదు. పనివాళ్ల వరుసలో కూర్చుంటే రేపటినుంచి ఆమె నర్సు కాదు. మధ్యలో మిగిలింది ఆ ఒంటరి మూల. నోరు తెరిచి కొట్లాడితే ఆ నెల జీతం పోతుంది, తర్వాత ఎవరూ పిలవరు. నోరు మూసుకొని ఒప్పుకుంటే చదివిన చదువు పోతుంది. ఆమె అన్నం తినే చోటుతోనే తన మాట చెప్పింది.

ఇది దూరదేశం సంగతి అనిపించిందా? మా పెద్దమ్మ కూతురు రోగులను చూసుకునే కోర్సు చేసి, బెంగళూరులో ఒక ఇంట్లో మంచం పట్టిన ముసలావిడ దగ్గర చేరింది. చక్కెర చూడడం, సూది వేయడం, పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం ఆమె పని. చేరిన రోజు పేరు అడిగినారు, ఊరు అడిగినారు, తర్వాత ఊర్లో ఏ వీధి అని అడిగినారు. ఆ మూడో ప్రశ్న ఎందుకో మన పక్క పుట్టినవాళ్లకు వివరించనక్కరలేదు. మరునాటినుంచి ఆమె తట్ట, ఆమె లోటా బట్టలుతికే మిషన్ పక్కన వేరుగా ఉండేవి. పనిమనిషి రాని రోజు గిన్నెలు ఈమె మీద పడేవి. ముసలావిడ మాత్రం ఈమె చేయి పట్టుకుంటే తప్ప నిద్రపోయేది కాదట. ఎనిమిది నెలలు చేసి అక్క వచ్చేసింది. జీతం సరిగానే ఇచ్చినారు అని చెప్తుంది, ఇంకేమీ చెప్పదు.

రంగూ కులమూ ఒకటే అని నేను అనడం లేదు. రంగు కంటికి కనబడుతుంది, కులాన్ని అడిగి తెలుసుకోవాలి. అమెరికాలో బానిసత్వపు చరిత్ర వేరు, మన ఊర్లలో వీధులు విడిపోయిన చరిత్ర వేరు. అయితే రెండూ పనిచేసే తీరు ఒకలాగే ఉంటుంది. మనిషి చేయి కావాలి, మనిషి పక్కన కూర్చోకూడదు. ఈ పోలికను చూసింది నేనేమీ మొదటిదాన్ని కాదు. జ్యోతిరావు ఫూలే 1873లో గులాంగిరి పుస్తకం అచ్చువేసి, నల్లవాళ్ల బానిసత్వాన్ని పోగొట్టడానికి పాటుపడిన అమెరికా మంచివాళ్లకు దాన్ని అంకితం ఇచ్చినాడు. అదే 1873లో బోస్టన్‌లో లిండా రిచర్డ్స్ పట్టా అందుకుంది, మహోనీ ఇంకా అదే ఆసుపత్రిలో చాకిరీ చేస్తూ ఉంది.

మన దేశంలో నర్సు పనికి ఇంకొక చిక్కు కూడా ఉంది. ఒంటిని తాకడం, రక్తం, మలమూత్రాలు ఎత్తడం మైల అని చాలాకాలం పెద్ద కులాల ఇళ్లలో ఆడపిల్లలను ఆ పనికి పంపలేదు. మిషన్ ఆసుపత్రులలో మొదట చేరినవాళ్లలో క్రైస్తవ కుటుంబాల ఆడవాళ్లు, దిక్కులేని వితంతువులు ఎక్కువ. వాళ్లకు చదువూ జీతమూ వచ్చినాయి. మర్యాద మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. మన కృష్ణగిరి జిల్లావాళ్లు పెద్ద జబ్బు చేస్తే వెళ్లే వేలూరు ఆసుపత్రిలో ఐడా స్కడర్ 1909లో నర్సుల బడి మొదలుపెట్టింది. ఆ ఏడాదిని గుర్తుపెట్టుకోండి, మహోనీ కథలో కూడా 1909 ముఖ్యం.

ఒకరు ఎంత బాగా పనిచేసినా, ఆ మర్యాద ఆమెతోనే ఆగిపోతుంది. మహోనీని మెచ్చుకున్న ఇల్లు మహోనీనే మళ్లీ పిలిచింది. ఆమెను చూసి ఆసుపత్రులు తలుపులు తెరవలేదు. 1890 ప్రాంతంలో షికాగోలో ఎమ్మా రేనాల్డ్స్ అనే అమ్మాయి నర్సు చదువుకు దరఖాస్తు పెడితే, నల్లజాతి పిల్ల అని అక్కడి బడులన్నీ వద్దన్నాయి. మహోనీ పట్టా పుచ్చుకొని అప్పటికి పదేళ్లు దాటింది. చివరికి డేనియల్ హేల్ విలియమ్స్ అనే నల్లజాతి డాక్టరు ఊరివాళ్లను కూడగట్టి, 1891లో ప్రావిడెంట్ ఆసుపత్రి అని కొత్తది పెట్టి, దానిలోనే నర్సుల బడి తెరిస్తే ఆ పిల్ల చదువుకోగలిగింది. కష్టపడి చదువు, బాగా పనిచేయి, లోకం మారుతుంది అని మనకు చెప్తూ ఉంటారు. మహోనీ కంటే కష్టపడినవాళ్లు, బాగా చేసినవాళ్లు ఎవరున్నారు?

ఈ సంగతి కనెక్టికట్ రాష్ట్రంలో మార్తా మినర్వా ఫ్రాంక్లిన్ అనే నల్లజాతి నర్సుకు బాగా అర్థమైంది. మన తోటి నర్సులు ఎక్కడెక్కడ ఉన్నారు, ఎట్లా ఉన్నారు అని తెలుసుకోవాలనుకుంది. అప్పుడు మన చేతిలో ఉన్నట్టు ఫోన్ లేదు. కూర్చొని చేత్తో 1500 ఉత్తరాలు రాసి దేశమంతా పంపింది. ప్రతి ఉత్తరం వెనుక, ఎక్కడో ఒక ఇంట్లో ఒంటరి మూలలో అన్నం తింటున్న ఒక నర్సు ఉందని నేను ఊహించుకుంటాను. జవాబులు వచ్చినాక, 1908 ఆగస్టులో న్యూయార్క్ నగరంలో ఒక చర్చిలో 52 మంది నర్సులు కలిసినారు. నల్లజాతి పట్టభద్ర నర్సుల జాతీయ సంఘం అక్కడ పుట్టింది. ఆడా థామ్స్ అనే నర్సు ఆ సమావేశానికి పెద్ద సాయం చేసింది. మహోనీ ఈ ఆలోచనకు మొదటినుంచీ తోడుగా నిలబడింది.

మరుసటి ఏడు, 1909లో, సంఘం మొదటి మహాసభ మహోనీ సొంత ఊరైన బోస్టన్‌లోనే జరిగింది. స్వాగతోపన్యాసం ఆమెదే. అప్పటికి ఆమెకు 64 ఏళ్లు. తను చదివిన ఊర్లోనే నిలబడి, నల్లజాతి అమ్మాయిలకు నర్సు చదువు సమానంగా అందడం లేదని చెప్పింది. ముప్పై ఏళ్లు అన్నం తినే చోటుతో చెప్పిన మాటను ఈసారి సభలో గొంతు విప్పి చెప్పింది. తేడా ఎక్కడ వచ్చిందంటే, ఈసారి ఎదురుగా వినేవాళ్లున్నారు, పక్కన నిలబడేవాళ్లున్నారు. సంఘం ఆమెను తమ పూజ, ప్రార్థనలు నడిపే చాప్లిన్‌గా ఎన్నుకుంది. తర్వాత జీవితకాల సభ్యత్వం ఇచ్చింది.

సంఘం పుట్టగానే అన్నీ సర్దుకోలేదు. అమెరికా నర్సుల పెద్ద సంఘంలో చేరాలంటే ముందు తమ రాష్ట్ర సంఘంలో సభ్యులు కావాలని నియమం వచ్చింది. దక్షిణాది రాష్ట్రాల సంఘాలు నల్లవాళ్లను చేర్చుకోవు. అంటే రంగు అనే మాట కాగితం మీద ఎక్కడా రాయకుండానే తలుపు మూసేసినారు. ఇట్లాంటి నియమాలు మనం కూడా జాగ్రత్తగా చదవాలి. మొదటి ప్రపంచయుద్ధంలో నల్లజాతి నర్సులను సైన్యం తీసుకోలేదు. 1918లో విషజ్వరం దేశమంతా పాకి నర్సులు చాలక, యుద్ధం ముగిసినాక 18 మందిని మాత్రం తీసుకున్నారు. రెండో ప్రపంచయుద్ధం మొదట్లో సైన్యం వాళ్లకు 56 అని లెక్క పెట్టింది. దెబ్బలు తిన్న సైనికులు వేలల్లో ఉన్నారు, నర్సులు చాలడం లేదు, అయినా లెక్క 56. సంఘం తరఫున మేబెల్ స్టాపర్స్ అనే నర్సు ఏళ్లపాటు వెంటపడితే, 1945 జనవరిలో సైన్యం ఆ అడ్డు తీసేసింది. 1948లో పెద్ద సంఘం నల్లజాతి నర్సులను నేరుగా సభ్యులుగా చేర్చుకోవడానికి ఒప్పుకుంది. 1951లో, ఇక వేరే సంఘం అవసరం లేదని, ఆ 52 మంది మొదలుపెట్టిన సంఘం దానంతట అదే ముగించుకొని పెద్ద సంఘంలో కలిసిపోయింది. 1908 నుంచి 1951 దాకా, 43 ఏళ్లు పట్టింది.

వాటిలో చాలావాటిని మహోనీ చూడలేదు. 1911లో ఆమె న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో నల్లజాతి అనాథపిల్లల కోసం నడిచే హోవర్డ్ ఆశ్రమానికి పెద్దగా పోయింది. ఏడాదిపైన దాన్ని నడిపించి పని విరమించింది. ఆమె పెళ్లి చేసుకోలేదు. 1920లో అమెరికా ఆడవాళ్లకు ఓటుహక్కు వచ్చింది. అప్పుడు బోస్టన్‌లో ఓటరుగా పేరు రాయించుకున్న తొలి ఆడవాళ్లలో ఈ 75 ఏళ్ల ముసలామె ఒకరు. దక్షిణాదిలో నల్లజాతి ఆడవాళ్లకు ఆ ఓటు నిజంగా చేతికి రావడానికి ఇంకా నలభై ఏళ్లకు పైగా పట్టింది. 1923లో ఆమెకు రొమ్ము క్యాన్సర్ అని తెలిసింది. మూడేళ్లు బాధపడి 1926 జనవరి 4న కన్నుమూసింది. బోస్టన్ పక్కన ఎవరెట్ అనే ఊర్లో ఆమె సమాధి ఉంది.

చనిపోయిన పదేళ్లకు, 1936లో, సంఘం ఆమె పేరుమీద ఒక పురస్కారం పెట్టింది. తర్వాత పెద్ద సంఘం కూడా దాన్ని కొనసాగించింది. 1973లో నర్సులు చందాలు పోగుచేసి ఆమె సమాధి మీద పెద్ద రాయి నిలబెట్టినారు. ఒకప్పుడు నల్లవాళ్లకు తలుపు మూసిన ఆ పెద్ద సంఘమే 1976లో ఆమె పేరును తన గౌరవ పట్టికలో చేర్చుకుంది.

ఇప్పుడు మన సంగతి. మన రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని నిషేధించింది. 16వ అధికరణం ప్రభుత్వ ఉద్యోగాలలో అందరికీ సమాన అవకాశం ఇచ్చింది. ఇవి మనకు పరీక్షలో వచ్చే ప్రశ్నలు. అయితే లోటా ఎక్కడ పెట్టినారో చూడడానికి ఆ వంటింట్లోకి ఏ అధికారీ రాడు. కంపెనీ భోజనశాలలో ఎవరి పక్కన ఎవరు కూర్చోవడం లేదో ఏ రిజిస్టరులోనూ రాయరు. అక్కడ ఉండేది మనమే, చూడవలసిందీ మనమే.

అందుకే నాకు మహోనీ ఎంత గొప్పగా కనిపిస్తుందో, మార్తా ఫ్రాంక్లిన్ రాసిన ఆ 1500 ఉత్తరాలు కూడా అంత గొప్పగా కనిపిస్తాయి. మనలో నర్సింగుకు పోయేవాళ్లు, కంపెనీకి పోయేవాళ్లు, ఇళ్లలో పనికి కుదిరేవాళ్లు కాలేజీ విడిచినాక ఒకరికొకరు దూరమవుతారు. ఎవరికి ఏం జరిగినా అది తన ఒక్కదాని ఖర్మ అనుకొని మా అక్కలాగా మాట దిగమింగుతారు. అట్లా కాకుండా, మన శాఖనుంచి పోయిన సీనియర్ అక్కలు ఏ ఊర్లో ఏ పని చేస్తున్నారో, అక్కడ వాళ్లను ఎట్లా చూస్తున్నారో మనం ఒక పుస్తకంలో రాసి పెట్టుకుందామని నా మనవి. పనికి చేరకముందే ఏ పని చేయాలి, ఏది చేయనక్కరలేదు, ఎక్కడ తినాలి, ఎక్కడ పడుకోవాలి అని అడిగి తెలుసుకోవడం నేర్చుకుందాం. అడగడానికి భయపడే పిల్ల పక్కన ఇంకొకరు నిలబడి అడుగుదాం.

మేడంలు ఒప్పుకుంటే ఆ పుస్తకాన్ని మన శాఖ బీరువాలోనే పెడదాం. మొదటి పేజీలో మా అక్క పేరు రాయడానికి ఆమెను అడిగినాను. ముందు వద్దనింది. తర్వాత, పేరు వద్దు గానీ సంగతి రాసుకో అనింది. మొదటి పేజీ నేను రాస్తాను. రెండో పేజీ ఎవరు రాస్తారో వచ్చి చెప్పండి.